కూర్చుని చేసిన ప్రార్థన

నేను తరగతి గదిలోకి అడుగు పెట్టగానే బెంచీలు ఒక్కసారిగా కిర్రుమంటాయి. పిల్లలు లేచి నిలబడతారు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సిస్టర్ ఫిలోమినా గుర్తుకొస్తారు.

మర్రిగూడ దగ్గరి మా ఊరికి ఆమె ఎనభైల చివర్లో వచ్చారు. కేరళ మనిషి. వాళ్ల సన్యాసినుల సభను స్థాపించిన పునీతురాలు పేద పిల్లలను తన వంటింట్లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పిందట. ఈమె మాకు రేకుల షెడ్డులో నేర్పారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ వల్ల మోకాళ్లు వంగిపోయాయి. నేల మీద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేను. ఊళ్లో అలాంటివాళ్లు చాలామంది కాబట్టి అది ఎవరికీ వింత కాదు. కొత్తగా వచ్చిన సిస్టరుకు మాత్రం తెలియదు.

మొదటి వారంలోనే ఒకరోజు ప్రార్థనకు అందరూ లేచారు, గోడకు దూరంగా కూర్చున్న నేను లేవలేకపోయాను. "దేవుడి ముందు కూడా ఇంత పొగరా? ఇష్టం లేకపోతే ఇంటికి వెళ్లు" అన్నారు సిస్టర్. నేను గోడ దాకా జరిగి, పట్టుకుని లేచి, పలక తీసుకుని, నిజంగానే ఇంటిదారి పట్టాను. ఆమె నా నడక చూసింది అప్పుడే. వెనక్కి పిలవలేకపోయారు.

సాయంత్రం మా ఇంటికి వచ్చారు. బాపు, అంటే మా నాన్న, అప్పుడే పత్తిచేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"లక్ష్మిని రేపు పంపండి" అన్నారు సిస్టర్.

"ఎందుకు సిస్టరమ్మా? నడవరాని పిల్ల. సదివి యాడికి పోతది? ఇంట్ల ఉంటె మా అవ్వకు జర తోడుంటది."

"తప్పు నాది. ఇక్కడ చెబితే సరిపోదు, పిల్లల ముందు చెప్పాలి. అందుకైనా పంపండి."

బాపు చెంబు పక్కన పెట్టాడు. "గట్లయితే ఒక్క దినం పంపుత" అన్నాడు.

మర్నాడు నన్ను సైకిలు మీద దించి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. సిస్టర్ అందరి ముందూ నా పక్కకు వచ్చారు. "నిన్న తెలుసుకోకుండా లక్ష్మిని తిట్టాను. క్షమించు తల్లీ" అన్నారు. తర్వాత తానూ నేల మీద కూర్చుని, "ఇకనుంచి కూర్చునే ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆ ఏడాదంతా అలాగే చేశాం. ఆ సాయంత్రం సైకిలు నెడుతూ బాపు, "పెద్దోళ్లు గట్ల ఒప్పుకోంగ నేనైతే ఎన్నడు సూడలే" అన్నాడు. ఒక్క దినమని పంపినవాడు, పదో తరగతి అయ్యేదాకా రోజూ నన్ను బడి దగ్గర దించాడు.

తొంభైల మధ్యలో సిస్టరుకు బదిలీ అయింది. మళ్లీ కలవలేదు. నన్ను మతం మారమని ఆమె ఎప్పుడూ అడగలేదు, నేను మారలేదు. నా కాళ్లూ బాగుపడలేదు. టీచరును మాత్రం అయ్యాను. పిల్లలను తిట్టే ముందు సంగతేమిటో అడుగుతాను. అయినా ఒక్కోసారి పొరబడతాను. అప్పుడు ఆ పిల్లను పక్కకు పిలవను. తిట్టిన చోటే, విన్నవాళ్లందరి ముందే ఒప్పుకుంటాను. ఇన్నేళ్లయినా 'తప్పు నాది' అన్న ఆ మొదటి మాట పైకి అనడానికి కొంత సమయం పడుతుంది.