జైలు గుమ్మం ముందు చెప్పులు

మా బావకు, అంటే అక్క మొగుడికి, సెల్‌ఫోన్‌తో సినిమాలు తీసే పిచ్చి. పోయిన ఎండాకాలం నిజామాబాద్ ఖిల్లాలో ఒక రహస్య యుద్ధం తీశాడు. పాత జైలు గదిలో బందీ అయిన రాణిని నేను. చప్పుడు చేయకుండా వచ్చి నన్ను విడిపించాల్సిన సైన్యం మా అన్న, వాడి దోస్తులు.

వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, అప్పుడు కత్తులు దూసి లోపలికి ఉరికారు.

"గిది జైలు, గుడి కాదు," అని బావ మండిపడ్డాడు.

"గుట్ట మీద రాములోరు ఉన్నరు గద బావా. చెప్పులతోని ఎట్ల వస్తం?" అన్నాడు అన్న.

బావ మళ్లీ తీశాడు. వాళ్లు మళ్లీ చెప్పులు విడిచారు. సంకెళ్లు మోయలేక నా చేతులు పీకుతున్నాయి. ఈ సైన్యాన్ని నమ్ముకుంటే జైల్లోనే ముసలిదాన్నయ్యేలా ఉన్నాను. ఇంతలో గుడికొచ్చిన ఒక అవ్వ ఆ చెప్పుల కుప్ప చూసి, తనవీ అక్కడే వదిలి లోపలికొచ్చింది. నాకు దండం పెట్టి, "తీర్థం ఏడ ఇస్తుండ్రు బిడ్డా?" అని అడిగింది.

బావ తల పట్టుకుని కూలబడ్డాడు. అప్పుడు చూశాను, ఆయన కాళ్లకూ చెప్పుల్లేవు.