మామ పౌడర్ ఊరంతా తాగింది

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "ఓబులేసు మామ పోయినాడు పాపా" అంది.

నేను ఇడ్లీలు వేస్తున్నాను. ఫోన్ పెట్టేసి మిగతా ప్లేట్లలో కూడా పిండి వేశాను. పిల్లలకు బాక్సులు కట్టి స్కూల్‌కి పంపాను. అప్పుడు కూర్చున్నాను.

ఇప్పటికీ అలాగే ఉంది. ఏడుపు రావడం లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం. ఓబులేసు మామ మా అమ్మ తమ్ముడు. శింగనమల దగ్గర పల్లెలో వేరుశనగ రైతు. కోపం వస్తే కలెక్టర్‌నైనా "ఏమప్పా" అనే రకం.

పోయిన ఏడాది కడుపులో క్యాన్సర్ అని తేలింది. మనిషి సగమయ్యాడు. కర్నూలులో డాక్టర్ ఒకటే మాట చెప్పాడు. బరువు ఇంకా తగ్గితే కీమో ఇవ్వలేనన్నాడు. అన్నం లోపలికి పోవడం లేదు కాబట్టి ప్రోటీన్ పౌడర్ తాగించమన్నాడు.

అనంతపురంలో ఆ డబ్బాలు కొని ఊరికి పంపే డ్యూటీ నాది.

డబ్బా ఇట్టే అయిపోయేది. మళ్లీ పంపమని అత్త ఫోన్. నాకు ఎంత సంతోషమో! మామ బాగా తాగుతున్నాడు, ఇంక లేచి తిరుగుతాడు అని అందరికీ చెప్పుకున్నాను.

చెకప్‌కి పోతే బరువు ఇంకా తగ్గింది. కీమో వాయిదా వేశారు.

ఆ ఆదివారం నేనే ఊరికి పోయాను.

వసారా నిండా మామను చూడ్డానికి వచ్చిన జనం. అందరి చేతుల్లో స్టీల్ గ్లాసులు. ఒకటే వెనిల్లా వాసన. పక్కింటి పెద్దాయన గ్లాసు ముందుకు చాపి, "బలే ఉండాది ఓబులేసా, ఇంగొంచెం పోయించప్పా" అంటున్నాడు.

నేను అత్త మీద ఎగిరాను.

"ఏం చేద్దునమ్మా? బోరు ఎండినంక ఎనుమును అమ్మేస్తిమి. టీ పెట్టేకి పాలు యాడివి? మీ మామ ఊరుకోడు" అంది.

ఇక మామ మీద పడ్డాను. "అది నీకు మందు మామా! కీమో ఆపేస్తే ఏం చేస్తావ్?"

మంచం మీద నుంచే చెయ్యి ఊపాడు. "ఇంటికొచ్చినోళ్లను ఉత్తనోటితో పంపేకి నేనింగా సావలేదు పాపా."

కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ మనిషితో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

అప్పటి నుంచి డబ్బాతో పాటు పాలపొడి, టీపొడి, చక్కెర కూడా పంపాను. వచ్చినవాళ్లకు టీ, మామకు పౌడర్. తీపి అస్సలు పడదు, ముక్కు మూసుకుని తాగేవాడట. ఆ నెల బరువు నిలబడింది. కీమో పడింది. డాక్టర్ "గుడ్" అన్నాడని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ తర్వాత ఏం తాగినా లోపల నిలవలేదు.

నిన్న సాయంత్రానికి అంతా అయిపోయింది. మట్టి వేసి బస్సెక్కి వచ్చేశాను.

ఈ పొద్దున మెడికల్ షాపతను ఫోన్ చేశాడు. "మేడం, మీ డబ్బా వచ్చింది. సాయంత్రం వస్తారా?"

వస్తానన్నాను.

వద్దంటే ఎందుకని అడుగుతాడు. అప్పుడు ఆ మాట నా నోటితో చెప్పాలి. నిన్నటి నుంచి ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

ఓబులేసు మామ లేడు.

నొప్పి లేకుండా నెమ్మదిగా పడుకో మామా.