సొంత పతంగికే అఫా!

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం కాదు, మూడేళ్ల కిందట) మా ఊరు పాల్మాకుల గాలినీ నీటినీ జయించి ప్రపంచ పోటీల దాకా వెళ్లబోయిన వీరగాథ ఇది. కాదులెండి. మోకాలి లోతు నీళ్లలో ఒక పూట నడిచిన తలనొప్పి.

మా పెద్దబాపు కొడుకు ఊరందరికీ పతంగి అన్న. అతను ఎగరేశాడంటే ఆకాశంలో రెండో పతంగి మిగిలేది కాదు. అలాంటివాడు ఒకరోజు ఫోన్‌లో కైట్‌సర్ఫింగ్ చూశాడు. కాళ్ల కింద పలక, పైన గదంత పతంగి, అది లాగుతుంటే నీళ్ల మీద దూసుకుపోవడమే. "అరే, ముందుముందు ఆటంటే గిదేరా! పతంగి మనకు రానిదా?" అన్నాడు. హైదరాబాద్‌లో స్థిరపడి ఈ ఆట నేర్పే ఒక కోస్తా మాస్టారు, సముద్రం దగ్గర శిక్షణకు ఒకే ఒక్కరిని ఎంపిక చేస్తానన్నారు. పెద్దబాపు కూడా తేల్చేశాడు: "ఎంపికైతే పో. కాకుంటే సోమారం సంది తమ్మునితోని ఎయిర్‌పోర్టుకు పోయి డబ్బలకు చీటీలు అతికియ్యి." (ఆ తమ్ముణ్ణి నేనే. సరుకుల విభాగంలో కొత్త ఉద్యోగం, అప్పటికే కలలో కూడా చీటీలే.)

విమానాల దారిలో అంత పెద్ద పతంగులు ఎగరేయనివ్వరు కాబట్టి, పరీక్ష రావిర్యాల దాటి చాలా దూరం పోయాక ఒక చెరువులో. మాస్టారు ముందురోజే సామాను మాకిచ్చి, "దారాలు సిద్ధం చేసుకుని రండి" అన్నారు. చిక్కులు తీసి రమ్మని ఆయన ఉద్దేశం. మా ఊళ్లో దారం సిద్ధం చేయడమంటే ఒకటే అర్థం. అన్నా నేనూ సాయంత్రమంతా కూర్చుని సీసాపెంకులు నూరి, గంజిలో కలిపి, ఆ ఖరీదైన దారాలకు మాంజా పట్టించాం. (పర్యవేక్షణ నాది. గర్వంగా చెప్పుకునే విషయం కాదు.)

మర్నాడు గాలి వచ్చింది. పతంగి లేచింది. అన్న పలక మీద పది బారలు పోయాడు కూడా. నా కళ్లు చెమ్మగిల్లే ఏర్పాట్లలో ఉండగా అన్న చేతిలోని, దారాలు కట్టిన కర్ర గిరుక్కున తిరిగింది, దారాలు ఒకదాన్నొకటి రాసుకున్నాయి, అన్నీ తెగాయి. పతంగి చెరువు దాటి జొన్నచేల వైపు పోయింది. తెగిన పతంగి కనబడితే అన్నకు ఒళ్లు ఆగదు. నీళ్లలోంచి లేచి, రెండు చేతులూ ఎత్తి, పక్కవాడి పతంగి కోసినప్పుడు వేసే కేకే వేశాడు: "అఫా!"

"ఎవరిది కోశారండీ?" అన్నారు మాస్టారు.

అన్న చేతులు దించాడు. "మనదే, సార్."

"ఇది కోసుకునే ఆట కాదండీ బాబూ! ఎవరి దారిన వాళ్లు వేగంగా వెళ్లే పందెం."

"కోసుడు లేకుంటె గదేం పోటీ సార్?" అన్నాడు అన్న, నిజంగానే మనసు కష్టపెట్టుకుని. నేను నుదురు కొట్టుకున్నాను, మాంజా అంటిన చేత్తోనే.

మాస్టారు తెగిన దారాల కొసలు ఏరి చుట్టారు. తర్వాత, "నిలబడిన తీరు మాత్రం బాగుందండీ. దారాలు కొత్తవి కడతాను, మిమ్మల్నే తీసుకుంటాను. సముద్రంలో లోతు ఉంటుంది, ఈత బాగా వచ్చు కదా?" అన్నారు.

అన్న నా వైపు చూశాడు. నేను జొన్నచేల వైపు చూశాను.

ఇప్పుడు అన్నా నేనూ పక్కపక్కనే చీటీలు అతికిస్తాం. తిండి వేళ ఫోన్‌లో ఆ పందేలు పెట్టుకుంటాం. ఆట బాగా పెరిగింది, దానికి మంచి రోజులే ఉన్నాయి. రెండు పతంగులు దగ్గరికొస్తే అన్న వేళ్లు గుంజుతాయి, "జర కొయ్‌రా" అని గొణుగుతాడు. గంజి గిన్నె ముందు మేనేజర్‌లా కూర్చున్న అప్పటి నేను గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఈత మా ఇద్దరికీ ఇప్పటికీ రాదు.