ఇసుక రానివ్వని షెడ్డు

శనివారం, పొద్దున పదింటికి జరిగింది ఇది. తొంభైల మొదట్లో, ఎండాకాలం, తెనాలిలో. ఇప్పుడు మా వీధి చివర ఇస్త్రీ బండివాడు పెట్టెలో కొబ్బరి చిప్పలు రాజేస్తాడు. ఆ వాసన కిటికీలోంచి వస్తే చాలు, నేను సుందరమ్మగారి షెడ్డులో నిలబడతాను. నాకు నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు వచ్చాయి. సింగారించి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పాత కార్ల రేకుల మీది రంగు ఊడగొట్టడం ఆ షెడ్డులో పని. కంప్రెసరు గాలితో గొట్టంలోంచి ఇసుక కొట్టేవాళ్ళం. ఆ ఇసుక బాపట్ల వైపు నుంచి లారీలో వచ్చేది. సుందరమ్మగారి భర్త ప్రకాశంగారు ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చి, దగ్గి దగ్గి పోయారు. ఆయన మంచాన పడ్డప్పుడే గొట్టం నా చేతికొచ్చింది. సమాధి చేసిన వారానికి ఆవిడ షెడ్డు తెరిచి, మిగిలిన ఇసుకంతా వీధి గుంటల్లో పోయించారు. చాసిస్ లాంటి మందపాటి ఇనుముకు రాగి కరిగించాక మిగిలే నల్ల చిట్టెం తెప్పించారు. పల్చటి రేకులకు కొబ్బరి చిప్పలు మరలో ఆడించి, జల్లెడ పట్టించారు. నాకు నమ్మకం కుదరలేదు. ఇసుక జోరు దేనికీ రాదని మొహం మీదే అన్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

ఆ శనివారం రేపల్లె నుంచి టాక్సీ సుబ్బారావు బానెట్ రంగు తీయించడానికి వచ్చాడు. అతని ఇల్లు ఆ ఒక్క కారు మీదే గడుస్తోంది. బానెట్ పాడైతే అలాంటిది మళ్ళీ దొరకదు.

“ఇసకతో అయితే గంటలో అయిపోద్ది గదమ్మా!” అన్నాడు.

“మా ఆయనకీ తొందరే, అబ్బాయ్.”

కంప్రెసరు దగ్గర కోటయ్య కిసుక్కున నవ్వాడు. “అక్కా, కాస్త చింతపండు కూడా తెమ్మంటారా? కారుని బాగా తోముదాం.”

“ఇత్తడి బిందెకి చింతపండు, సత్తు గిన్నెకి బూడిద. సత్తు గిన్నెని ఇసకేసి తోమితే మీ ఆవిడ ఊరుకుంటుందేంట్రా? రేకూ అంతే. ఇసక జోరుకి అప్పడంలా ఉబ్బుద్ది.”

“నా బానెట్ చెడితే ఏంటండి?” సుబ్బారావు బానెట్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

“చెడితే షెడ్డుకి తాళమేసి పోతా. ఇసక మాత్రం రానివ్వను.”

నా ముక్కుకు తడిగుడ్డ ఆవిడే బిగించి కట్టారు. చిప్పల దుమ్మయినా దుమ్మేనన్నారు. గొట్టం పట్టాను. మొదట ఏమీ కదల్లేదు. కోటయ్య నవ్వబోతుండగా తెల్లరంగు పొట్టులా లేచింది, కింద ఆకుపచ్చ, దాని కింద రేకు. మధ్యాహ్నం దాకా పట్టింది. సుబ్బారావు వంగి, చెంప బానెట్‌కి ఆనించి, వెలుతురుకు వారగా చూశాడు. రేకులో ఎక్కడా అల లేదు.

“అంచున తుప్పు మిగిలింది గదండి?”

“చిప్ప తుప్పు తియ్యదు. ఇదిగో గరుకు కాగితం. కూర్చుని తియ్యి.”

కూర్చున్నాడు. నేనూ పక్కన చేరాను.

తర్వాత నాకూ సొంత షెడ్డు అమరింది. ఎవరైనా గొట్టంలో కొట్టడానికి కొత్త సరుకు తెస్తే రేకు సంగతి తర్వాత, గొట్టం పట్టేవాడి సంగతి ముందు అడుగుతాను. ఈ వయసులో తెనాలి స్టేషన్ వంతెన ఆగకుండా ఎక్కుతాను. ఆ ఊపిరి ఆవిడ నిలబెట్టిందే.

ఆ రోజు అక్కడున్నది సుందరమ్మగారు, రేపల్లె సుబ్బారావు, కంప్రెసరు కోటయ్య, నేను. మేకుకు ప్రకాశంగారి పాత గుడ్డ ముసుగు వేలాడుతోంది. ఆయన్ని కూడా ఆ లెక్కలో కలుపుతున్నాను.