మా నాయన నా వీపున స్టెతస్కోపు పెట్టలేదు

ఒంటిమిట్ట తిరునాళ్లనాడు నాకు మొదటిసారి ఒంట్లో తేడా తెలిసింది. బిడ్డను చంకనెత్తుకుని గుడి మెట్లు ఎక్కుతుంటే సగంలోనే ఊపిరి అందలేదు. మా పద్మకు అప్పటికింకా ఏడాది నిండలేదు, పిల్ల బరువు కూడా కాదు. వెనక వస్తున్న మా నాయన బిడ్డను అందుకుని, "ఎండ దెబ్బ కొట్టినట్టుండాది సరసూ, రోంతసేపు నీడన కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. ఎండ పోయింది, సాయంత్రమైంది, గాలి చల్లబడింది. నా ఒళ్లు మాత్రం వెచ్చబడింది.

మా నాయన కడపలో డాక్టరు. ముందు గదిలో డిస్పెన్సరీ, వెనక మా ఇల్లు. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు ఆయన కోసం. ఆయన పోయి ఏడాదైంది. ఇప్పుడు ఫోటోకు దండ వేసి సభ పెడతారట. "అమ్మా, నువ్వు కూతురివి, నాయన గురించి నాలుగు మంచి మాటలు మాట్లాడల్ల" అని ఇద్దరు పెద్దమనుషులు కర్నూలు దాకా వచ్చి అడిగారు. నేను రానన్నాను. మంచి మాటలు వాళ్ల దగ్గర బండెడున్నాయి. కన్నతండ్రిలాంటి డాక్టరు అంటారు. వాళ్లకు అంతే. నాకు మాత్రం ఆయన కన్నతండ్రి అయ్యాడు గానీ డాక్టరు కాలేకపోయాడు. ఆ సంగతి సభలో చెబితే బాగుండదని ఇక్కడ రాస్తున్నాను. దగ్గుతో బాధపడుతున్న ఆడవాళ్లు ఒకరిద్దరైనా చదువుతారని నా ఆశ.

ఉన్న మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆయన చెడ్డ తండ్రి కాడు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఎంతమంది చెప్పినా ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే డిస్పెన్సరీ తలుపు తీయకముందు నన్ను ముందు కూర్చోబెట్టుకుని తానే జడ వేసేవాడు. జడ ఎప్పుడూ ఒకవైపుకు లాగేది. బడిలో పిల్లలు నవ్వితే నేను వాళ్లతో కొట్లాడేదాన్ని. నేను పెద్దమనిషినైన రోజున మా మేనత్త మా ఇంటికి వచ్చి ఉండిపోయింది, జడ ఆమె చేతికి పోయింది. ఆ తర్వాత మా నాయన చెయ్యి నా వీపు దాకా రాలేదు. అందరి ఇళ్లలోనూ అంతే కదా, అప్పుడది నాకు తప్పుగా తోచలేదు.

తిరునాళ్ల తర్వాత దగ్గు పట్టుకుంది. సాయంత్రం జ్వరం, తెల్లవారుజామున చెమటలు. మా నాయన నాడి పట్టి చూశాడు, నాలుక చూశాడు, కంటి రెప్ప లాగి చూశాడు. "బాలింత నీరసమమ్మా. పాలిచ్చే తల్లికి రక్తం చాలదు" అన్నాడు. కాల్షియం ఇంజెక్షన్లు ఇచ్చాడు, లివర్ ఎక్స్‌ట్రాక్టు ఇచ్చాడు, తన చేత్తో మిక్స్చరు కలిపి సీసా తెచ్చి పెట్టాడు. కోడిగుడ్లు, పాలు, ద్రాక్షపండ్లు. ఏదడిగితే అది.

గోడకు అవతల డిస్పెన్సరీలో ఆయన గొంతు వినపడుతుండేది. "ఊపిరి గట్టిగా పీల్చప్పా. ఆ, వదులు. ఇట్ల తిరుగు." మేకలు కాచేవాళ్ల వీపు మీద, కమతగాళ్ల వీపు మీద, మా మేనత్తను పక్కన నిలబెట్టుకుని ముసలమ్మల వీపు మీద కూడా ఆయన స్టెతస్కోపు పెట్టేవాడు. ఇవతల మంచం మీద పడుకుని వాళ్లతోపాటు నేనూ పీల్చేదాన్ని, వదిలేదాన్ని. నా ఊపిరి వినడానికి మాత్రం ఎవరూ రాలేదు.

"నాయనా, దగ్గు తగ్గలేదు" అంటే, "తగ్గుతుందిలేమ్మా, ఈ దుమ్ముకు ఎవరికి లేదు దగ్గు?" అనేవాడు. చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ, "ఇంట్లోనే డాక్టరుండంగా నీకేం తక్కువమ్మా!" అని పోయేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో దానికి తలకిందులు, పెరటి చెట్టు తప్ప ఇంకో చెట్టు ఉందని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

వానలు రావాల్సిన రోజుల్లో, రాలేదు గానీ, ఒకనాడు దగ్గితే పడిన కళ్లెలో ఎర్రటి చార కనిపించింది. చేతిగుడ్డ తీసుకుపోయి ఆయనకు చూపించాను. చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "దగ్గి దగ్గి గొంతు గీరుకపోయింటుంది" అన్నాడు. ఆనాటి నుంచే పద్మ పక్క తన గదిలోకి మార్పించాడు. "నీకు నిద్ర చాలడంలేదు, బిడ్డ నా కాడ పండుకుంటుందిలే" అన్నాడు. పాలు కూడా మాన్పించమన్నాడు. అప్పుడు నాకు ఎంత ప్రేమో అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే పళ్లు కొరుక్కుంటాను.

మావారు గుమాస్తా. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి, ఆయన ఆఫీసు గుడారంలో, కాపురం కూడా గుడారంలోనే, అందుకే బిడ్డతో నేను పుట్టింట్లో ఉండిపోయాను. సెలవు పెట్టి నన్ను చూడటానికి కడప వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. నా గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఆయన మా నాయనతో ఒకటే మాట అన్నాడు: "మామా, రెండు దినాలు కర్నూలుకు పిలుచుకుని పోతా."

"గుడారంలో, ఆ మట్టిలో, చంటిబిడ్డతో యాడుంటుందప్పా? నేను చూస్తాండా కదా!"

"నువ్వు చూస్తాండావు మామా. ఒకసారి ఇంకొకరిని గూడా చూడనీ."

కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక లేడీ డాక్టరు ఉండేది, కళ్లజోడు మనిషి, నవ్వు లేదు. "రవిక విప్పి వెనక్కు తిరుగమ్మా" అంది. స్టెతస్కోపు చల్లగా తగిలింది. కుడి భుజం కింద ఒకచోట పెట్టి ఆగిపోయింది. మళ్లీ అక్కడే పెట్టింది.

"ఇన్నాళ్లూ ఎవరు చూశారు నిన్ను?"

"మా నాయన."

"నేనడిగేది డాక్టరెవరని."

"మా నాయనే డాక్టరు."

ఆమె ఎక్స్‌రే తీయించింది, కళ్లె పరీక్షకు పంపింది. జవాబులు వచ్చాక మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "స్పుటమ్ పాజిటివ్, కళ్లెలో క్రిములున్నాయి. రైట్ అప్పర్ లోబ్‌లో క్యావిటీ ఉంది, కుడి ఊపిరితిత్తి పైభాగంలో బొక్క పడింది. ఇది టి.బి. నిన్న మొన్న వచ్చింది కాదు." ఆ తర్వాత మావారి ఒళ్లో ఉన్న బిడ్డను చూసి, "పాపకు మాంటూ టెస్టు చేయాలి" అంది. పద్మ చేతి మీద సూది గుచ్చినచోట గట్టిగా, ఎర్రగా పొంగింది. ఎక్స్‌రే చూసి ప్రైమరీ కాంప్లెక్స్ అన్నారు, అంటే నా జబ్బు బిడ్డకూ అంటుకుంది. నా జబ్బు మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. బిడ్డ చెయ్యి చూసినప్పుడు ఆ గదిలోనే గట్టిగా అరిచాను, ఎవరిని తిట్టానో కూడా గుర్తులేదు.

నన్ను టి.బి. శానటోరియంలో చేర్చారు. బిడ్డను, దాని మాత్రలను మా నాయన ఇంటికే పంపాల్సి వచ్చింది, మాకు వేరే దిక్కు లేదు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పాస్, ఐ.ఎన్.హెచ్. మాత్రలు. జబ్బు పట్టిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వడానికని పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కించేవారు, ఎ.పి. అనేవారు దాన్ని. కొన్నాళ్లకు జ్వరం దిగింది, ఒళ్లు కాస్త పట్టింది. అంతలో చెవుల్లో హోరు మొదలైంది. మంచం దిగితే నేల ఊగేది, గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేకపోయేదాన్ని. "ఇది ఇంజెక్షన్ వల్లే. కొన్నాళ్లు ఆపుదాం" అన్నాడు అక్కడి డాక్టరు. ఆపితే మళ్లీ జ్వరం. డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. నా పక్క మంచం ఆమెది రాజంపేట, బాగా మాట్లాడే మనిషి. ఒక ఉదయం ఆమె పరుపు ఎండలో వేసి ఉంది. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

మా నాయన చూడటానికి వచ్చాడు. అరటిపండ్ల సంచి కింద పెట్టి, అలవాటు కొద్దీ మంచానికి తగిలించిన చార్టు అందుకోబోయాడు.

"అది ముట్టుకోవద్దు. నా డాక్టరు లోపలుండాడు" అన్నాను.

చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. నేను ఊరుకోలేదు. "నాయనా, ఊరందరి వీపులూ చూసినావు. నా వీపు ఎందుకు చూడలేదు?"

"పెద్దయిన బిడ్డవు, ఎట్లమ్మా చూసేది?"

"అత్తను పక్కన నిలబెట్టుకుని ఆడోళ్లను చూస్తావు కదా. నన్ను గూడా అట్లే చూసుండొచ్చు."

"చూసుండొచ్చు."

"మరి?"

"పెడితే వినపడుతుందని భయం తల్లీ" అన్నాడు.

"అంటే నీకు తెలుసు."

"తెలీదు. తెలుసుకోలేదు."

"తెలీకుంటే పద్మను నా పక్కలోంచి ఎందుకు తీసినావు?"

ఆయన భుజం మీది టవలుతో మొహం తుడుచుకున్నాడు. కథల్లో అయితే ఇక్కడ కూతురు కరిగిపోవాలి. నేను కరగలేదు. "మనవరాలికి డాక్టరువైనావు, నాకు కాలేదు. ఇంక పో" అన్నాను. పోయాడు. మళ్లీ నెలలో అవే అరటిపండ్లతో వచ్చాడు. వచ్చినప్పుడల్లా మంచం చివర కూర్చుని పద్మ ముచ్చట్లు చెప్పేవాడు. చార్టు వైపు చూసేవాడు కాడు.

స్పుటమ్ నెగటివ్ అయ్యి, మళ్లీ నెగటివ్ అయ్యి, నన్ను ఇంటికి పంపారు. కడపలో దిగేసరికి పద్మ పరుగులు పెడుతోంది. నన్ను చూసి తాత భుజంలో మొహం దాచుకుంది. మా మేనత్త మెల్లగా చెప్పింది, ఆయన రోజూ స్నానానికి ముందు పిల్ల వీపు విని, తనను తాను నమ్మక నెలనెలా ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాడని. మాత్రలు తేనెలో నూరి, పాట పాడి మింగించేవాడట. పిల్ల ఎక్స్‌రే శుభ్రంగా వచ్చిందని కూడా చెప్పింది. నాకు దక్కనిదంతా దానికి దక్కింది. సంతోషపడాలి కదా. పడ్డాను, కోపంగానే పడ్డాను.

ఇంకొకటి కూడా ఆమే చెప్పింది. నా జబ్బు సంగతి పొక్కిన తర్వాత, "అది క్షయ ఇల్లు" అని చాలామంది డిస్పెన్సరీకి రావడం మానేశారట. ఇప్పుడు దండలు మోసుకొచ్చేవాళ్లలో వాళ్లు కూడా ఉన్నారు. మా నాయనను తిట్టే హక్కు నాకుంది. ఆయనంటే నాకు ప్రాణం, అందుకే ఆ కోపం ఇంకా ఆరలేదు. వాళ్లు పొగిడితే మాత్రం నాకు సహించదు.

ఇప్పుడు నేను కర్నూలులో ఉంటున్నాను. వంట చేసుకుంటాను, నీళ్లు మోస్తాను, మధ్యాహ్నం తప్పకుండా పడుకుంటాను. ఆరు నెలలకొకసారి ఎక్స్‌రే. పద్మ బడికి పోతోంది, ఊరంతా వినపడేటట్టు మాట్లాడుతుంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. దగ్గు వారాల తరబడి వదలకపోతే, సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంటే, బయటి డాక్టరు దగ్గరికి పోయి వీపు చూపించుకోండి, ఎక్స్‌రే తీయించుకోండి. నాయనైనా, అన్నైనా, మొగుడైనా, ఇంట్లో ఉన్న డాక్టరు ఎంత గొప్పవాడైనా సరే. ఆయనకు కోపమొస్తుంది, రానీండి. మా నాయనకూ వచ్చింది. నన్ను కర్నూలుకు తీసుకుపోయినందుకు మావారితో మాట మానేశాడు. నేను బతికి ఇంటికొచ్చిన రోజున మాట్లాడాడు.