బట్టీ ఆరిన శుక్రవారం

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా పక్కింటి మామకు బొరుగుల బట్టీ ఉండేది. ఆయన పోయి చాలా ఏళ్లయింది, బట్టీని ఇప్పుడు ఆయన మనుమరాలు నడుపుతోంది. ఈ మధ్య అదే బట్టీ గోడకు ఒక చిన్న బిళ్ల బిగించాను. ఒక పక్క వేడి, రెండో పక్క చల్లదనం తగిలితే కరెంటు పుట్టించే బిళ్ల అది. ఊరికే పోయే వేడితో చిన్న లైటు వెలుగుతోంది, ఫోనుకు మెల్లగా చార్జి ఎక్కుతోంది. ఊళ్లో ఈ పని మొదట చేసింది నేనేనని పిల్లలు మెచ్చుకుంటుంటే తల ఎత్తలేకపోతున్నాను. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివే రోజులవి. రెండు రకాల తీగలను కలిపి, ఒక ముడిని వేడిలో, మరో ముడిని చల్లగా ఉంచితే కరెంటు పారుతుందని ఒక పుస్తకంలో ఉంది. రాగి తీగ, ఇనుప తీగ మెలిపెట్టి ఒక ముడిని బట్టీ గోడ సందులో దూర్చాను. రెండోదాన్ని తడి గోనెపట్టలో చుట్టి చెక్క మీద పెట్టాను. టార్చి బల్బు తగిలించాను. వెలగలేదు. నంద్యాలలో జరిగే సైన్సు ప్రదర్శనకు అయ్యవారు నన్నే పంపాలని నా ఆశ. బడి వదలగానే వచ్చి ఆ బల్బు ముందు ముఖం వేలాడేసుకుని కూర్చునేవాణ్ణి. మామ బొరుగులు వేయిస్తూ నన్నే చూసేవాడు.

ఒక సాయంత్రం బల్బు బిగించగానే వెలిగింది. గంతులు వేశాను. మామ నవ్వాడు గానీ నా కళ్లలోకి చూడలేదు.

మరుసటి రోజే అయ్యవారిని వెంటబెట్టుకొచ్చాను. అది శుక్రవారం. జుమ్మా నాడు మామ బట్టీ వెలిగించడు. ఆ సంగతి తెలిసినా నాకు బెదురు లేదు. ఇటుకలు వేడిని దాచుకుంటాయని ధీమా. బల్బు చక్కగా వెలిగింది. అయ్యవారు గోడ మీద చెయ్యి పెట్టి చూశారు.

"సల్లగుండాదే. ఇదెట్లా వెలుగుతాండాదిరా?"

చెక్క ఎత్తారు. కింద తీగలకు తగిలించిన టార్చి సెల్లు ఉంది. వీధిలో వాళ్లు గుమిగూడి ఎగతాళి మొదలుపెట్టారు.

"బొరుగులతో పాటు సాబు కరెంటు గూడా ఏంచుతాండాడప్పా. శేరెంత మామా?"

"పిల్లోని తప్పేం లేదు సార్. నేనే పెట్టినా. వాని మొగం సూడలేకపోయినా" అన్నాడు మామ, తల వంచుకుని.

మరునాడు పొద్దున్నే బట్టీ వెలిగించి నన్ను పిలిచాడు. బల్బుకు చాలని కరెంటైనా దిక్సూచి ముల్లును కదిలిస్తుందని నేను అంతకుముందు చదివి వినిపించిన మాట ఆయనకు గుర్తుంది. నమాజుకు దిక్కు చూసుకునే తన దిక్సూచిని నా చేతిలో పెట్టాడు. తీగను దాని చుట్టూ తిప్పాను. ముడి వేడెక్కేకొద్దీ ముల్లు సన్నగా పక్కకు జరిగింది. ముడిని బయటికి లాగితే వెనక్కి వచ్చింది.

"సూసినావా? నీ పుస్తకం అబద్ధం చెప్పలేదప్పా. నేనే చెప్పినా."

వీధిలోకి పరుగెత్తి అందరికీ చెప్పాను. "దాని కింద ఇంగో సెల్లు పెట్టింటాడు పోరా" అన్నారు. ఎవరూ వచ్చి చూడలేదు. నంద్యాలకు ఇంకో పిల్లవాడు వెళ్లాడు, ఆ బాధ తొందరగానే పోయింది. మామను మాత్రం చివరిదాకా సెల్లు సాబు అనే పిలిచారు. అలా పిలిచినవాళ్లకూ ఆయన ఎప్పటిలాగే బొరుగులు కొలిచిపోసేవాడు. నా ముఖం వేలాడకుంటే ఆయనకు ఆ పేరు వచ్చేది కాదు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు లైటు చూడ్డానికి ఎవరు వచ్చినా ముందు గోడ తాకమంటాను, తరువాత కింది చెక్క ఎత్తి సెల్లు లేదని చూపిస్తాను. కొంచెమే వస్తే కొంచెమే వచ్చిందని చెబుతాను.

అడిగిన పుస్తకమల్లా వెతికిపెట్టిన గ్రంథాలయం సుబ్బరాయుడికి, బట్టీ గోడ నాకు అప్పగించిన మామ మనుమరాలు షమీమ్‌కు నా కృతజ్ఞతలు. వీధి మరిచిపోయిన అసలు పేరుతో మామకు కూడా. ఆయన పేరు ఖాజా హుసేన్.