ఆ సమాధికి సున్నం

మా మావయ్య పోయారని అత్త విజయనగరం నుంచి ఫోన్ చేసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు. పాతపట్నం మామ్మకి ఇప్పుడు ఏం చెప్పాలన్న భయం వేసింది. ఆ భయం ఆయనది. నాకు మిగిల్చి వెళ్లారు.

మావయ్య విహార నౌకల్లో దుప్పట్లు ఉతికే పని చేశారు. ఆయన దగ్గర పనిచేసే పాతపట్నం కుర్రాడు జ్వరంతో పోతే ఓడ ఆగిన బార్బడోస్ దీవిలోనే పాతిపెట్టారు. ఆ కుర్రాడి తల్లే ఈ మామ్మ. ఈస్టరు వస్తోందంటే వాళ్ల చర్చివాళ్లంతా తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, పండగనాడు తెల్లారకుండానే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆమె మాత్రం శ్మశానం గేటు దగ్గరే నిలబడేది. అది చూడలేక, "నానేసొస్తాను అప్పా" అని మావయ్య మాటిచ్చారు.

రిటైరయ్యాక కంపెనీవాళ్లు కుటుంబంతో సహా ఓడలో ఒకసారి ఊరికే తిరిగి రమ్మంటే, అత్తతో పాటు నన్నూ తీసుకెళ్లారు. ప్రయాణికుడిగా ఎక్కినా పొద్దున్నే తన పక్క తనే మడతపెట్టేవారు.

"ఇప్పుడు నువ్వు పాసింజర్‌వి, ఆ దుప్పటొగ్గెయ్" అని అత్త కసిరేది.

"నాను మడతెట్టీస్తే గది సర్దే కుర్రోడు కాసేపు నడుం వాల్సుకుంటాడు" అనేవారు.

బార్బడోస్‌లో దిగుతుంటే ఆయన సంచిలో తెల్లటి పొడి చూసి కాపలావాళ్లు ఆపేశారు. కొత్తవలసలో కొన్న సున్నం అది. ఎంత చెప్పినా వినలేదు, తీసేసుకున్నారు. "ఏటనుకున్నార్రా ఈల్లు" అని నవ్వి, తనకు అలవాటైన సందుల్లోంచి మమ్మల్ని తీసుకెళ్లి తెల్లరంగూ కుంచే కొన్నారు. ఆయన నవ్వింది అంతవరకే.

శ్మశానంలో ఆ కుర్రాడికి అప్పట్లో పాతిన కొయ్య సిలువ లేదు. అంతా గడ్డి. గోడవారే అన్నారు, కాదు ఇటేపన్నారు. ఓడ వేళయ్యేదాకా వెతికి, చివరికి పేరు లేని ఒక రాయికి రంగు వేశారు. "ఇదీ ఎవులోలదే. ఆలమ్మా రాలేదు గదా" అంటూ కొవ్వొత్తి వెలిగించారు. నేను ఫొటో తీశాను.

అది చూపించి, నీ కొడుకుదేనని మామ్మకి చెప్పారు. ఆమె ఫొటో కట్టించుకుని గోడకి పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరైనా పాతపట్నం పేరెత్తితే మావయ్య లేచి వెళ్లిపోయేవారు. "సెప్పీయాలిరా. ఏటని సెప్తాను?" అని నాతో మాత్రం అనేవారు.

పదోరోజున మామ్మ వచ్చింది. ఆ ఫొటో చీరముక్కలో చుట్టి తెచ్చి మావయ్య పటం పక్కన పెట్టింది.

"మల్లీ ఈస్టరొస్తాది. మావోడికి సున్నం ఎవులేస్తారు బాబూ?"

నిజం నోటిదాకా వచ్చింది.

"నేనేసొస్తాను మామ్మా" అన్నాను.

ఆమె కొంగుతో అద్దం తుడిచింది. తెల్లటి రాయి, దాని మీద వంగిన మావయ్య నీడ.